పక్షవాతం తర్వాత నీళ్లు తాగితే పొలమారుతోంది.. కరెంట్ చికిత్స మంచిదా? ఆక్యుపంక్చరా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. ముక్కు గొట్టం తీసేశారు. మెత్తటి అన్నం తింటున్నారు గానీ మంచినీళ్లు తాగితే పొలమారుతోంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. మెడకు కరెంట్ పెట్టించమని ఒకరు, ఆక్యుపంక్చర్ చేయించమని మరొకరు అంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, జగిత్యాల

సలహా: ముందు మింగుడు పరీక్ష చేయించండమ్మా. నాలుక సరిగా నెట్టడం లేదా, శ్వాసనాళం సమయానికి మూసుకోవడం లేదా అన్నది పైనుంచి చూస్తే తెలియదు. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చేసే ‘ఫీస్’ పరీక్షలోనో, బేరియం మింగించి తీసే ఎక్స్‌రే వీడియోలోనో తెలుస్తుంది. చికిత్స దాన్నిబట్టే ఉంటుంది.

మన ఇళ్లలో ఎవరికైనా పొలమారితే ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అని నెత్తిన తట్టి ఊరుకుంటాం. పక్షవాతం వచ్చినవారి విషయంలో అలా ఊరుకోకూడదు. నీళ్లతో పాటు నోట్లోని బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. కొందరికి గొంతులో స్పర్శ తగ్గి, నీళ్లు లోపలికి పోతున్నా దగ్గే రాదు. కాబట్టి దగ్గు ఆగిందంటే నయమైనట్టే అనుకోవద్దు.

కరెంట్ చికిత్సలో గడ్డం కింద, మెడ మీద ప్యాచ్‌లు అంటించి కండరాలను ఉత్తేజపరుస్తారు. మింగే వ్యాయామాలకు తోడుగా ఇచ్చినప్పుడు కొంత అదనపు మేలు కనిపించింది. ప్యాచ్‌లు పెట్టి ఊరికే పడుకోబెడితే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ‘కరెంట్ ఇస్తూనే మింగిస్తారా?’ అని తప్పకుండా అడగండి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే కార్డియాలజిస్టును అడగకుండా అసలు ఒప్పుకోవద్దు. గొంతు లోపలికి గొట్టం పంపి కరెంట్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అది ముఖ్యంగా మెడకు రంధ్రం చేసి శ్వాసగొట్టం పెట్టినవారికి, ఆ గొట్టం త్వరగా తీసేయడానికి పనికొస్తోంది. మీ నాన్నగారికి దాంతో పని లేదు.

ఆక్యుపంక్చర్‌పై ఎక్కువ అధ్యయనాలు చైనాలో జరిగాయి. చాలావాటిలో మేలే కనిపించింది గానీ, వాటి నాణ్యత అంతంతమాత్రం. 2021 నాటి యూరోపియన్ స్ట్రోక్ ఆర్గనైజేషన్ మార్గదర్శకాలు కూడా దీన్ని వాడి చూడొచ్చనే అన్నాయి. చేయించదలిస్తే రక్తం పలచబడే మాత్రల సంగతి ముందే చెప్పండి. సూదుల కోసం ఆ మాత్రలు మాత్రం ఆపొద్దు, మళ్లీ స్ట్రోక్ రావొచ్చు. నాలుకకు, గొంతు లోపల సూదులు వద్దని చెప్పండి. ప్రతిసారీ కొత్త సూదులే వాడాలి.

అసలు పని చేసేది రోజూ చేసే మింగే వ్యాయామాలు. వాటిని నేర్పేది స్పీచ్ థెరపిస్టే. మాటలు బాగానే వస్తున్నాయి కదా, స్పీచ్ థెరపీ ఎందుకని చాలామంది వెళ్లరు. మీరు అలా చేయకండి.

పరీక్ష అయ్యేదాకా పలచటి నీళ్లు గ్లాసుతో తాగించొద్దు. నీళ్లను చిక్కబరిచే ‘థికెనర్’ పొడి మందుల షాపుల్లో దొరుకుతుంది, దాన్ని నీళ్లలో ఎంత చిక్కగా కలపాలో థెరపిస్టును అడిగి వాడండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో ఒక గుటక ఇచ్చి, ‘ఆ..’ అనమనండి. గొంతు తడితడిగా, గరగరలాడుతూ వినిపిస్తే గట్టిగా దగ్గించి, మళ్లీ మింగించండి. గొంతు తేటపడేదాకా రెండో చెంచా ఇవ్వొద్దు. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. రోజూ రెండుపూటలా పళ్లు, నాలుక శుభ్రం చేయండి, న్యుమోనియా ముప్పు తగ్గుతుంది. జ్వరం, ఆయాసం, కొత్తగా మగత కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.