బయానా రేపే ఇవ్వకండి అన్నా

నల్గొండలో 150 గజాల ఇల్లు, ఓనరే నేరుగా అమ్ముతున్నాడు, మధ్యలో బ్రోకర్ లేడు, కానీ రేపే రెండు లక్షల బయానా (అడ్వాన్సు) నగదుగా ఇమ్మంటున్నాడు అన్నారు కదా. ఇవ్వకండి. 20,000 నుంచి పైన నగదు బయానా చట్టప్రకారం కుదరదు, బ్యాంకు ద్వారానే వెళ్లాలి.

ముందు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) తీయండి, 1983 నుంచి దొరుకుతుంది, పాతది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాల్సిందే. ఈసీ క్లీన్‌గా ఉందని సంబరపడొద్దు. ఆ ఇల్లు వాళ్ల నాన్నదని మీరే రాశారు, ఆయన వీలునామా రాయకుండా పోయుంటే హిందూ కుటుంబంలో అక్కచెల్లెళ్లకూ సమాన వాటా ఉంటుంది, వాళ్లందరూ వచ్చి సంతకం పెట్టాలి, "మా అక్క ఏమీ అనదు" అనే మాట కోర్టులో నిలవదు. మేం మిర్యాలగూడలో కొన్నప్పుడు ఒక చెల్లెలి సంతకం కోసం నాలుగు నెలలు ఆగాం (అప్పటికే సగం సామాను సర్దేశాం, ఆ టెన్షన్ వేరే).

లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత పత్రాలు) ఒరిజినల్సే చూడండి. జిరాక్సులే చూపిస్తుంటే కాగితాలు ఎక్కడో కుదువలో ఉన్నాయేమో, అది ఒక్కోసారి ఈసీలో కనపడదు. ధర 50 లక్షలు, ఆపైన అయితే ఓనర్‌కు ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయ పన్ను) పట్టుకొని కట్టాల్సింది మీరే. బ్రోకర్ కమీషన్ ఎలాగూ మిగిలింది, అందులో కొంత పెట్టి లాయర్‌తో కాగితాలు చూపించుకోండి.