అనాథల కథలో నవ్వు ఎవరి మీద?

చిరంజీవికి,

నీ కథా, దాని మీద వచ్చిన అభిప్రాయాలూ రెండూ చదివాను. "పిల్లల కథలో ఇన్ని చావులా?" అని ఒకరు, "పెద్దవాళ్లందరూ ఇంత మొద్దులా?" అని ఇంకొకరు అనేసరికి నీకు టెన్షన్ పట్టుకున్నట్టుంది. 'ఎ సిరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్' చదివాకే ఈ కథ మొదలుపెట్టానన్నావు కదా. లెమొనీ స్నికెట్ పేరుతో డేనియల్ హ్యాండ్లర్ రాసిన ఆ పుస్తకాల మీద కూడా పాఠకులు ఇవే మాటలన్నారు. అవి ఎక్కడ నిలుస్తాయో, ఎక్కడ తేలిపోతాయో చూద్దాం.

ముందు చావుల సంగతి. 1999లో వచ్చిన మొదటి పుస్తకంలో ఇల్లు కాలిపోయి బోదలేర్ పిల్లల అమ్మానాన్నలు చనిపోతారు. ఆ కబురు తెచ్చిన బ్యాంకు ఉద్యోగి మిస్టర్ పోకి దగ్గు ఆగదు. మనకి నవ్వొస్తుంది, కానీ ఆ దగ్గుని చూసి, అంత పెద్ద కబురు చెప్పడం చేతకాని ఆ పెద్దమనిషిని చూసి. ఆ ముగ్గురు పిల్లలు వయొలెట్, క్లౌస్, సన్నీల దుఃఖాన్ని చూసి కాదు. ఆస్తి కోసం వెంటపడే కౌంట్ ఓలాఫ్ పసిపిల్ల సన్నీని పంజరంలో పెట్టి టవర్ మీంచి వేలాడదీస్తాడు. ఆ పిల్ల కూడా మన నవ్వుకి సరుకు కాదు. ఇది నువ్వు పట్టుకోవాలి. నీ రెండో అధ్యాయంలో ఆకలితో ఉన్న పిల్లాడు జారిపడితే నవ్వించావు. నీ పాఠకురాలు చావుల పేరు చెప్పింది గానీ, ఆమెకి గుచ్చుకున్నది అదేనని నా అనుమానం. పాఠకులకి నొప్పి నిజంగానే తెలుస్తుంది, దాని చోటు మాత్రం ఒక్కోసారి తప్పు చెబుతారు.

అలాగని అభ్యంతరాలన్నీ కొట్టిపారేయకు. పద్నాలుగేళ్ల వయొలెట్‌ని నాటకం పేరుతో నిజంగానే పెళ్లి చేసుకోవాలని ఓలాఫ్ ఎత్తు వేస్తాడు. కొందరు తల్లిదండ్రులకి అది మింగుడుపడలేదు, పడకపోవడం సహజమే. అయితే రచయిత ఆ పిల్లని అక్కడ వదిలెయ్యలేదు. పెళ్లికూతురు తన సొంత చేతివాటంతోనే సంతకం చేయాలన్న మెలికని పట్టుకుని, కుడిచేతి వాటం ఉన్న వయొలెట్ ఎడమ చేత్తో సంతకం చేసి ఆ పెళ్లి చెల్లకుండా చేస్తుంది. గోతిలోకి దింపితే దింపు, పైకొచ్చే దారి మాత్రం పిల్లల బుర్రలోంచే రావాలి.

మొద్దు పెద్దల గురించి. ఓలాఫ్ మారువేషంలో వస్తే పిల్లలు వెంటనే గుర్తుపడతారు, పెద్దలు పట్టరు. పెద్ద పాఠకులకి ఇది చిరాకు. కానీ నిజం చెప్పినా ఎవరూ వినకపోవడమంటే ఏమిటో పిల్లలకి బాగా తెలుసు, అందుకే వాళ్లకిది అతిశయోక్తిగా తోచదు. పైగా ఆ పెద్దల గుడ్డితనం ఒక్క రకం కాదు. మిస్టర్ పోకి కాగితాలు సరిగ్గా ఉంటే చాలు. ఓలాఫ్ పొరుగింటి జడ్జి స్ట్రాస్‌ది మంచి మనసు, కానీ కళ్ల ముందు జరుగుతున్నది కనిపించదు. తర్వాత గార్డియన్ అయిన జోసెఫిన్ అత్తకి తలుపు పిడిని చూసినా భయమే. నీ కథలో ముగ్గురు పెద్దలున్నా మొద్దుతనం మాత్రం ఒకటే. అక్కడ విమర్శ న్యాయమైనదే.

కథకుడు మధ్యమధ్యలో ఆగి పదాలకి అర్థాలు చెప్పడం కొందరికి ముద్దు, కొందరికి విసుగు. దాని జోలికి నువ్వు పోకు. అది ఆయన గొంతు.

ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు ఇంకోటుంది: ప్రతిసారీ కొత్త గార్డియన్, కొత్త వేషం, మళ్లీ పరుగు. విసుగొచ్చి మధ్యలో ఆపేసినవాళ్లని నేను తప్పుపట్టను. కానీ ఏడో పుస్తకంలో పిల్లల మీదే హత్యానేరం పడుతుంది, అక్కడితో ఆ ఫార్ములా విరిగిపోతుంది. తర్వాత వాళ్లే వేషాలు వేస్తారు, పన్నెండో పుస్తకానికి వచ్చేసరికి హోటల్‌కి వాళ్లే నిప్పంటిస్తారు. మనకీ విలన్‌కీ తేడా ఏమిటని వాళ్లకే భయం పుడుతుంది. మొదట్లో ఆ తంతు అన్నిసార్లు చూడకపోతే ఈ తిరుగుడు ఇంత బలంగా తగలదు. నువ్వూ ఒకే తంతు మూడుసార్లు నడిపావు, నాలుగోసారీ అదే నడిపావు. ఏదో ఒకటి తిరగబడాలి కదయ్యా!

ఇక ముగింపు. అందరూ వెతికే చక్కెర గిన్నెలో ఏముందో 13 పుస్తకాల్లోనూ చెప్పలేదని ఇప్పటికీ కోపంగా ఉన్నవాళ్లున్నారు. 2017-2019 మధ్య వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో చెప్పేశారు, కొందరు ఊపిరి పీల్చుకున్నారు. నాకైతే చెప్పకపోవడమే నచ్చింది, ఎందుకంటే కథ మొదటి ప్రశ్న అది కాదు. ఈ పిల్లల్ని ఎవరు చూసుకుంటారన్నది మొదటి ప్రశ్న. 2006లో వచ్చిన చివరి పుస్తకంలో దానికి జవాబుంది: తల్లిని పోగొట్టుకున్న ఒక పసికందుకి వాళ్లే గార్డియన్లవుతారు. ఎవరూ దొరకని పిల్లలు ఇంకొకరికి దొరికారు.

కాబట్టి నీ కథలో తాళం వేసిన ఆ పెట్టె తెరవాలా వద్దా అని ఇప్పుడు తల బద్దలుకొట్టుకోకు. తమ్ముణ్ణి పక్కింట్లో వదిలి అక్క వెళ్లిపోయాక, వాడి ప్రస్తావనే మళ్లీ రాలేదు. వాడేమయ్యాడో రాసి పంపు.

నీ శ్రేయోభిలాషి