మోంటన్యోలా తోట గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. జర్మనీలో పుట్టి, స్విట్జర్లాండు దక్షిణపు అంచున మోంటన్యోలా అనే కొండపల్లెలో 1919 నుంచి 1962 దాకా బతికిన హెర్మన్ హెస్సే దైనందిన జీవితాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చేయాలన్న ఆలోచన నాకు నచ్చింది. ఆయన నవలల్లోని తాత్త్వికత గురించి మనవాళ్లు రాసినంతగా, ఆయన పొద్దున్నే లేచి ఏం చేసేవాడు, ఏం తినేవాడు, తీరిక దొరికితే చేతులు ఏ పని వైపు పోయేవి అన్నది ఎవరూ రాయగా నేను చూడలేదు.

అయితే నీ రెండో పేజీ దగ్గర ఆగిపోయాను. తోటపని ఇష్టం, బొమ్మలు వేయడం ఇష్టం, మోజార్ట్ సంగీతం ఇష్టం, పిల్లులు ఇష్టం, టిచీనో ప్రాంతపు ద్రాక్షసారా ఇష్టం అని వరుసగా ఐదు వాక్యాలు రాశావు. ఐదూ నిజాలే. కానీ మోజార్ట్‌ను, ద్రాక్షసారాను మినహాయిస్తే ఆ వాక్యాల్లో హెస్సే పేరు తీసేసి మా వీధిలోని రిటైర్డు హెడ్మాస్టరు గారి పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. ఒక మనిషి ఒక పనిని ఏ అవసరం కొద్దీ మొదలుపెట్టాడో, మొదలుపెట్టాక ఆ పని అతని చేత ఏమేం చేయించిందో చెప్పనంతవరకు ‘ఇష్టం’ అనే మాట పాఠకుడి చేతికి ఏమీ అందించదు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచింది అదొక్కటే. దానికి ఉదాహరణలు నీ వ్యాసంలోంచే తీసుకుంటాను.

బొమ్మల సంగతి చూడు. చిన్నప్పటి నుంచీ కుంచె పట్టినవాడన్నట్టు రాశావు గాని, ఆయన రంగుల జోలికి వెళ్లింది 1916 ప్రాంతంలో, దాదాపు నలభయ్యో ఏట. ఆ ఏడే తండ్రి చనిపోయాడు, చిన్న కొడుకు జబ్బు పడ్డాడు, భార్య మానసిక అనారోగ్యం ఇంటిని కుదిపేస్తోంది. దానికి తోడు, యుద్ధం మొదలైన 1914లో సాటి రచయితలను ద్వేషానికి దూరంగా ఉండమని కోరుతూ వ్యాసం రాసిన పాపానికి జర్మన్ పత్రికలు ఆయనను దేశద్రోహిగా చిత్రించాయి. లుత్సెర్న్ దగ్గర యోసెఫ్ లాంగ్ అనే వైద్యుడి వద్ద మానసిక చికిత్సకు చేరిన రోజుల్లో, ఆ చికిత్సలో భాగంగా రంగులు ఆయన చేతికొచ్చాయి. యుద్ధకాలంలో బెర్న్ నగరంలో ఉండి జర్మన్ యుద్ధఖైదీలకు పుస్తకాలు పంపే పని చేస్తున్నప్పుడు, తన కవితలను చేత్తో రాసి, పక్కన నీటిరంగుల బొమ్మలు వేసి, ఆ ప్రతులను అమ్మి డబ్బు కూడబెట్టాడు. యుద్ధం తర్వాత జర్మన్ మార్కు విలువ కుప్పకూలి, పుస్తకాల మీద వచ్చే రాబడి కాగితాల కట్టగా మిగిలినప్పుడు అవే ప్రతులు ఆయనకు తిండి పెట్టాయి. తర్వాతి కాలంలో వాటి మీద వచ్చిన సొమ్ము కష్టాల్లో ఉన్నవారికి వెళ్లింది. మొదట మందు, ఆపై విరాళం, ఆపై జీతం, మళ్లీ విరాళం. ఈ చరిత్రనంతా ‘బొమ్మలు వేయడం ఇష్టం’ అనే మూడు మాటల కింద పాతిపెట్టావు.

బొమ్మల్లో ఏముందో కూడా చూసి రాయి. టిచీనో పల్లెల ఎర్రటి పైకప్పులు, మెట్లు మెట్లుగా దిగే ద్రాక్షతోటలు, లుగానో సరస్సు, దాని వెనుక కొండలు. మనుషులు దాదాపు ఉండరు. మనుషుల మనసుల్లోకి అంత లోతుగా దిగి నవలలు రాసినవాడు కుంచె పట్టగానే వాళ్లను ఎందుకు వదిలేశాడన్నది నీ వ్యాసంలో ఎక్కడో ఒకచోట అడగవలసిన ప్రశ్న. జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు గాని, అడగకుండా మాత్రం దాటిపోకు.

తిండి గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, ఒక్క లోపం తప్ప. మోంటన్యోలాకు వచ్చిన కొత్తలో పాలు, అన్నం, మాకరోనీలతో కాలం గడిపాననీ, పాత సూట్లను అంచులు పోగులు పోయేదాకా తొడిగాననీ, శరదృతువులో అడవిలో ఏరుకొచ్చిన చెస్ట్‌నట్ కాయలే రాత్రి భోజనమయ్యాయనీ ఆయన చెప్పుకున్నది నిజమే. కానీ ఆ మాటలు రాసింది 1931లో, కొత్త ఇంట్లోకి మారిన సందర్భంలో. 1919లో కాసా కముజ్జీ అనే పాతకాలపు భవంతిలో నాలుగు చిన్న గదులు అద్దెకు తీసుకుని ఒంటరిగా దిగిన దివాలా రచయితను, పన్నెండేళ్ల తర్వాత, కొత్త ఇంటి కిటికీలోంచి చూస్తూ రాసిన జ్ఞాపకం అది. అందులో కొంత చిరునవ్వు ఉంది, తన పేదరికాన్ని తానే కొద్దిగా అలంకరించుకోవడం కూడా ఉందని నా అనుమానం. జరిగిన కాలం ఒకటి, తలచుకున్న కాలం ఒకటి అని పాఠకుడికి తెలియజేస్తే ఆ చెస్ట్‌నట్ కాయల రుచి మారుతుంది. నువ్వు రెండింటినీ కలిపేసి, ఆయన ఆకలితో ఉన్న రాత్రే ఆ మాటలు డైరీలో రాసుకున్నట్టు భ్రమ కలిగించావు.

ఇక తోట. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే కావాలి. నువ్వేమో ఆరు వాక్యాల్లో తేల్చేశావు.

ముందు ఒక వరుస గమనించు. కాన్‌స్టన్స్ సరస్సుకు జర్మన్ వైపున ఉన్న గైయెన్‌హోఫెన్ పల్లెలో 1907లో ఆయన సొంత ఇల్లు కట్టుకుని, తొలి తోట వేసుకున్నాడు. 1912లో ఆ ఇల్లు, ఆ తోట వదిలి బెర్న్‌కు వెళ్లిపోయాడు. కాసా కముజ్జీలో ఉన్న పన్నెండేళ్లూ వసారాలో నిలబడి చూసినది ఇంటివాళ్ల తోటనే. మళ్లీ తన చేత్తో మట్టి తవ్వుకునే అవకాశం 1931లో గాని రాలేదు. జ్యూరిక్‌కు చెందిన బోడ్మర్ అనే ధనిక మిత్రుడు మోంటన్యోలాలోనే కాసా రోస్సా అనే ఇంటిని కట్టించి, బతికినంతకాలం ఉండమని ఇచ్చాడు. యాజమాన్యం మాత్రం హెస్సేది కాదు. అంటే, ఆయన టమాటా మొక్కలను ఊతకర్రలకు కట్టిన ఆ నేల కూడా చట్టప్రకారం పరాయిదే. ప్రవాసి తోట గురించి రాసేటప్పుడు ఈ సంగతి వదిలేయడం ఎలా కుదురుతుంది?

అక్కడి పనిని నెమ్మదిగా చూపించు. కళ్లనొప్పి ఆయనను జీవితాంతం వేధించింది. సాయంత్రాల్లో మూడో భార్య నినాన్ పుస్తకాలు పైకి చదివి వినిపించేది. చదవడానికీ రాయడానికీ కళ్లు మొరాయించిన వేళల్లో తోట ఆయనకు ఆటవిడుపు మాత్రమే కాక, రోజు గడిచే మార్గం కూడా అయింది. 1935లో అక్క అడేలె అరవయ్యో పుట్టినరోజుకు కానుకగా, తోటలో గడిపే గంటల మీద ఒక దీర్ఘకవిత రాశాడు. దానికి ఎంచుకున్న ఛందస్సు ప్రాచీన గ్రీకు వీరకావ్యాలది. మనవాళ్లెవరైనా బీరపాదులకు నీళ్లు పోయడం మీద సీసపద్యాలు కట్టుకుంటూ పోతే ఎలా ఉంటుందో అలాంటి కొంటెతనం అందులో ఉంది. ఆ కవితలో నీళ్లు మోయడం, కలుపు తీయడం, ఎండిన చెత్తను పోగుచేసి నిప్పు పెట్టడం, మంట చల్లారాక బూడిదను, కాలిన మట్టిని జల్లెడ పట్టడం అన్నీ ఓపికగా వస్తాయి. ఆ జల్లెడ ఆడిస్తున్నప్పుడే ఆయన మనసులో ఒక ఊహాలోకం లేస్తుంది: అన్ని కాలాల జ్ఞానులు, కవులు, పండితులు కలిసి కట్టే ఒక మహా నిర్మాణం. అప్పటికి కొన్నేళ్లుగా రాస్తున్న, 1943లో అచ్చయిన చివరి పెద్ద నవలకు కేంద్రంలో ఉన్న ఊహ అదే. తోటపని రచనకు విరామం అని నువ్వు రాశావు. ఆ కవిత చదివితే ఆ మాట నిలవదు.

అదే 1935లో జర్మనీలో ఏం జరుగుతోందో నీకు తెలుసు. 1933 నుంచే పారిపోయి వచ్చిన రచయితలు ఆ ఇంటి తలుపు తట్టసాగారు. తోమస్ మాన్, బెర్టోల్ట్ బ్రెష్ట్ అక్కడికి వచ్చినవారే. కాబట్టి ‘ప్రశాంతమైన పల్లె జీవనం’ అన్న నీ పదబంధాన్ని దయచేసి కొట్టేయి. ఒక చేతిలో జల్లెడ, ఇంట్లో బల్ల మీద శరణార్థుల ఉత్తరాలు ఉన్న మనిషిని చూపించు. అది పలాయనమా కాదా అన్న తీర్పు పాఠకుడికి వదిలెయ్యి.

ఇక్కడే నీ వ్యాసంలో సరిచేయవలసిన తప్పు ఒకటుంది. ‘హిట్లర్ కారణంగా దేశం విడిచిన’ అని మొదటి పేజీలో రాశావు. ఆయన 1912 నుంచీ స్విట్జర్లాండులోనే ఉన్నాడు. స్విస్ పౌరసత్వం తీసుకున్నది 1924లో. 1933 తర్వాత వచ్చిన మిత్రులు తరిమివేయబడినవాళ్లు, ఈయన ముందే నడిచి వెళ్లిపోయినవాడు. ఈ తేడా తెలిస్తే ఆయన బాల్యస్మృతుల స్వరం కూడా సరిగా వినబడుతుంది. పుట్టిన ఊరు కాల్వ్, అక్కడి నాగోల్డ్ నది, దాని మీది రాతి వంతెన, గాలం వేసి చేపలు పట్టిన మధ్యాహ్నాలు, తోలు శుద్ధిచేసేవాళ్ల వీధి ఆయన కథల్లో పదేపదే వస్తాయి. వాటిలో బెంగ ఉంటుంది గాని, తిరిగి వెళ్లిపోవాలన్న ఆరాటం నాకు కనబడలేదు. నువ్వు ఆ బెంగకు కన్నీళ్లు కలిపావు. కన్నీళ్లు తీసెయ్యి.

భారతదేశం గురించిన పేరా విషయంలోనూ కాస్త నిగ్రహం కావాలి. మనకు బ్రౌన్ దొర ఎలాగో మలయాళానికి హెర్మన్ గుండర్ట్ అలాంటివాడు. 1872లో మలయాళ నిఘంటువు ప్రచురించిన ఆ మిషనరీ హెస్సేకు తల్లివైపు తాత. తల్లి 1842లో తలశ్శేరిలోనే పుట్టింది. తాత గారి ఇంట్లో, ఆయన భారతదేశం నుంచి తెచ్చుకున్న వస్తువుల నడుమ పిల్లవాడు పెరగడం నిజం. అంతవరకు చాలు. 1911లో తూర్పు దేశాలకు ఓడెక్కినవాడు పెనాంగ్, సింగపూర్, సుమత్రా, సిలోన్ చూసి, తల్లి పుట్టిన మలబారు తీరానికి చేరకుండానే అలసిపోయి, అనారోగ్యంతో వెనక్కు తిరిగాడు. ‘ఆయన నరనరాన భారతదేశం ప్రవహించింది’ అన్న వాక్యం రాయాలన్న కోరిక మన భాషలో రాసే ఎవరికైనా కలుగుతుంది. కానీ చేరలేకపోయిన తీరం గురించిన ఒక్క వాక్యం దానికన్నా ఎక్కువ చెబుతుంది.

పిల్లులు, ద్రాక్షసారా, సంగీతం విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. రాళ్లు తొలిచిన చల్లని కొట్లలో సారా పీపాలు పెట్టి, బయట చెట్ల నీడన రాతిబల్లలు వేసే ఆ ప్రాంతపు తాగుడుకొట్ల వర్ణన మాత్రం ఉంచు, అది కళ్లకు కట్టింది. ఆఖరి రాత్రి రేడియోలో మోజార్ట్ పియానో సొనాటా విన్నాడన్న సంగతితో నువ్వు ముగించావు. ఆయన మీద రాసినవాళ్లు చాలామంది అక్కడే ముగిస్తారు కాబట్టి నువ్వు ముగించకు. దానికి బదులు ఇంటి గుమ్మం దగ్గర ‘సందర్శకులు రావద్దని మనవి’ అని బోర్డు పెట్టుకున్న మనిషి, అదే ఇంటి తోటలో ఇష్టమైన అతిథులతో బోచా బంతులాట ఆడడానికి చోటు చేయించుకున్నాడన్న వైరుధ్యాన్ని తీసుకుని రెండు పేరాలు రాయి. ఎవరిని రానిచ్చాడు, ఎవరిని ఉత్తరంతో సరిపెట్టాడు, ఆ ఉత్తరాల పైభాగంలో చిన్న చిన్న నీటిరంగుల దృశ్యాలు ఎందుకు వేసి పంపాడు అన్నవి అందులో సహజంగా వస్తాయి.

ఒక చిన్న సంగతి. మూడో పేజీలో తోట విస్తీర్ణానికి ఒక అంకె ఇచ్చావు, ఎక్కడి నుంచి తెచ్చావో చెప్పలేదు. ఆధారం దొరక్కపోతే అంకె తీసేసి, ఇంటి ముందు దక్షిణానికి వాలిన ద్రాక్షతోట అని రాస్తే సరిపోతుంది. దీర్ఘకవితను ఇంకొకసారి పూర్తిగా చదివిన తర్వాతనే తోట భాగం ముట్టుకో. తిరగరాసిన ప్రతిని ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో అచ్చు తీసి పంపు, సంక్రాంతి లోపల చదివి జవాబిస్తాను.

శుభం.