కారు ఏసీకి గ్యాస్ డబ్బా కొనే ముందు

ప్రశ్న: అన్నా, డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. రిచర్డ్‌సన్‌లో ఎంఎస్ చదువుతున్నాను. మార్చిలో ఒక 2012 టొయోటా కామ్రీ కారు కొన్నాను. అప్పుడు ఏసీ వేసి చూడాలని తోచలేదు. ఇప్పుడు వేస్తే ఉక్కగాలి వస్తోంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "గ్యాస్ పట్టిస్తే సరిపోతుంది" అన్నాడు. షాపులో హుడ్ కూడా తెరవకుండా 1,200 డాలర్ల దాకా అవుతుందన్నారు. పార్ట్స్ దుకాణంలో గ్యాస్ డబ్బా 20 డాలర్లకే ఉంది. నేనే నింపుకోవచ్చా?

జవాబు: నింపుకోవచ్చు తమ్ముడూ. కష్టమైన పనేమీ కాదు. కానీ ఆ డబ్బా ఇవాళ కొనకు. దానికంటే ముందు చూడాల్సినవి మూడు నాలుగు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని నేను చూడకపోవడం వల్లే నా మొదటి వేసవిలో తొమ్మిది వందల డాలర్లు పోయాయి.

అది 2009. నా కారు హైవే మీద చల్లగానే ఉండేది, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడి గాలి కొట్టేది. విజయవాడలో మా నాన్న ఏటా ఎండాకాలం ముందు కారుకి గ్యాస్ పట్టించడం చూస్తూ పెరిగినవాణ్ణి, అందుకే ఇదీ గ్యాస్ సంగతే అనుకున్నాను. రెండు డబ్బాలు ఎక్కించాను. వారం తిరక్కుండా కంప్రెసర్, అంటే గ్యాస్‌ని ఒత్తి తిప్పే పంపు, గరగరమని మోగి ఆగిపోయింది. దాన్ని మార్పించడానికి వెళ్తే మెకానిక్ నన్ను పిలిచి చూపించాడు: రేడియేటర్ ఫ్యాన్ తిరగడమే లేదు. గ్యాస్‌లోని వేడిని బయటికి వదిలే జాలీని కండెన్సర్ అంటారు. హైవే మీద ఎదురుగాలే దాన్ని చల్లబరిచేది, ఆగితే ఆ గాలి లేదు. గ్యాస్ మొదటినుంచీ సరిగ్గానే ఉంది. నేను అదనంగా పోసినదానివల్ల ఒత్తిడి పెరిగి కంప్రెసర్ పోయింది. ఎనభై డాలర్ల ఫ్యాన్ మోటారుతో అయిపోవాల్సిన పని అది.

ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. గొట్టాల్లో తిరిగిందే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. పన్నెండేళ్లు దాటిన కారులో రబ్బరు గొట్టాల నుంచీ సీళ్ల నుంచీ కొద్దికొద్దిగా పోవడం మామూలే, అలాంటప్పుడు ఒకసారి నింపితే రెండు మూడేళ్లు గడుస్తాయి. నెలలోనే మళ్లీ తగ్గితే మాత్రం అది చిల్లు. ఎన్ని డబ్బాలు పోసినా గాల్లో కలిసేవే.

ఇప్పుడు నీ కారు చూద్దాం. అసలు గాలి ఎంత వస్తోంది? బ్లోయర్ ఫుల్‌లో పెట్టినా సన్నగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. కామ్రీలో అది గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. రెండు పక్కలా నొక్కి గ్లవ్ బాక్స్ కిందికి దించితే కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. పాత కార్లలో దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ మార్చరు. ఆకులూ దుమ్మూ పేరుకుని నల్లటి అట్టలా తయారవుతుంది. కొత్తది పదిహేను డాలర్లు. గాలి పోయే దిక్కుకి దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది చూసి పెట్టు.

గాలి బాగా వస్తూ చల్లదనం లేకపోతే, ఇంజన్ ఆన్ చేసి ఏసీ వేసి హుడ్ ఎత్తు. ఫ్యాన్ తిరుగుతోందా? దగ్గరకి చెయ్యి పోనివ్వకు. వదులు చొక్కా చేతులు, చున్నీలు ఏవీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు, ఆగి ఉన్న ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగడం మొదలుపెడుతుంది. తిరగకపోతే ఫ్యూజూ, రిలే (స్విచ్‌లా పనిచేసే చిన్న పెట్టె) చూడు. ఫ్యూజ్ డబ్బా మూత మీద ఏది దేనిదో రాసి ఉంటుంది. అదే నంబరున్న పక్క రిలే తీసి ఇందులో పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కంప్రెసర్‌ని ఇంజన్‌కి కలిపే క్లచ్‌కీ ఇదే పరీక్ష. క్లచ్ ఉన్న కారైతే ఏసీ వేయగానే 'టిక్' మని చప్పుడొచ్చి దాని ముందు పళ్లెం తిరగాలి.

రేడియేటర్ ముందున్న కండెన్సర్ కూడా ఓసారి చూడు. టెక్సస్ హైవేల మీద తిరిగిన కారులో పురుగులూ గడ్డీ పట్టి సగం మూసుకుపోయి ఉంటుంది. మామూలు నీళ్ల పైపుతో కడిగితే చాలు. కార్ వాష్‌లో దొరికే ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే ఆ సన్నటి రేకులు వంగిపోతాయి.

ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వేడిగా వస్తోందా? గ్యాస్ తక్కువైనా అలా రావొచ్చు, డ్యాష్‌బోర్డు లోపల గాలిని మళ్లించే చిన్న మోటారు పోయినా రావొచ్చు. పక్క సీటు కింద నీళ్లు నిలిస్తే అది నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుపోవడం, అంతే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా చల్లబడట్లేదు అంటే అప్పుడు గ్యాస్ సంగతి.

హుడ్ కింద ఒక స్టిక్కర్ ఉంటుంది. కారుకి ఏ గ్యాస్, ఎంత బరువు అన్నది దాని మీద ఉంటుంది. నీ 2012 కారుది ఆర్-134ఏ. ఈమధ్య మోడళ్లలో ఆర్-1234వైఎఫ్ వస్తోంది, ఖరీదు చాలా ఎక్కువ, పైగా కొద్దిగా మండే గుణం ఉన్నది. ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి ఎక్కించకూడదు. మీ రూమ్మేట్‌ది కొత్త కారైతే నీ డబ్బాలో మిగిలింది దానికి పనికిరాదు.

గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజులు కొనక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగిచ్చాక డబ్బు వెనక్కిచ్చేస్తారు. కారు చల్లారాక, ఇంజన్ ఆపి ఉండగా ఒత్తిడి చూడు. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ రోజున సుమారు 100 పీఎస్‌ఐ (గేజ్ మీద ఉండే ఒత్తిడి కొలత) రావాలి, 80 డిగ్రీలైతే 87 దగ్గర. ముప్ఫయ్యో నలభయ్యో చూపిస్తే గ్యాస్ దాదాపు అయిపోయినట్టే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వంద చూపించినంత మాత్రాన గ్యాస్ నిండా ఉన్నట్టు కాదు. మన వంటింటి సిలిండర్‌ గుర్తు తెచ్చుకో. అయిపోయే రోజు దాకా మంట ఒకేలా వస్తుంది, ఎంత మిగిలిందో ఎత్తి చూస్తేనే తెలుస్తుంది. ఇదీ అంతే. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా ఒత్తిడి అంతే చూపిస్తుంది. అందుకే ఏసీ గ్యాస్‌కి నికరమైన లెక్క బరువే. చిన్న కార్లకి మొత్తం కలిపి ఒక పౌండుకి, అంటే పదహారు ఔన్సులకి, కాస్త అటూ ఇటూ పడుతుంది. డబ్బాలో సాధారణంగా పన్నెండు ఔన్సులు ఉంటాయి. అందుకే కొనాల్సి వస్తే ఒక్క డబ్బాయే కొనమంటాను.

నింపేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకో. ఆ ద్రవం చర్మానికి తగిలితే మంచుకాటు వేస్తుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. డబ్బా గొట్టం లావు పైపు మీద 'ఎల్' అని ఉన్న మూత దగ్గరే తగిలించాలి. 'హెచ్' అని ఉన్నదాని జోలికి వెళ్లకు, అక్కడి ఒత్తిడికి డబ్బా పేలుతుంది. కొలతలు వేరు కాబట్టి మామూలుగా అక్కడ పట్టదు, పట్టించాలని చూడొద్దు. ఇంజన్ ఆన్, ఏసీ ఫుల్, తలుపులన్నీ బార్లా. డబ్బా నిటారుగా పట్టుకో, తలకిందులు చేస్తే ద్రవం నేరుగా వెళ్లి కంప్రెసర్‌ని దెబ్బతీస్తుంది. ముందు వంటింటి త్రాసులో డబ్బా తూచుకుని, రెండేసి ఔన్సులు ఎక్కించి, ఆపి, ఐదు నిమిషాలు చూడు. మధ్య వెంట్‌లో వంట థర్మామీటర్ పెడితే అంకె కిందికి దిగుతుంటే కనిపిస్తుంది. దిగడం ఆగితే నువ్వూ ఆగు. ఇంజన్ నడుస్తుండగా గేజ్ ముందే ఎక్కువ చూపిస్తూ గాలి వేడిగా ఉంటే అది గ్యాస్ తక్కువ జబ్బు కాదు, ఒక్క ఔన్సు కూడా పోయకు.

'లీకు ఆపేస్తుంది' అని రాసి ఉన్న డబ్బాలు వద్దు. ఆ జిగురు షాపువాళ్ల మిషన్లను పాడుచేస్తుంది, తర్వాత వాళ్లు నీ కారుని ముట్టుకోం అంటారు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది, దానికి వాడే నూనె కూడా వేరు. నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే హుడ్ మూసేసి షాపుకి తీసుకెళ్లు.

చట్టం సంగతి. తనంతట తాను మూసుకునే వాల్వ్ ఉన్న చిన్న ఆర్-134ఏ డబ్బా ఎవరైనా కొనుక్కోవచ్చు. ఉన్న గ్యాస్‌ని కావాలని గాల్లోకి వదలడం మాత్రం నేరం, అందుకే గొట్టాలు విప్పే పని ఇంట్లో పెట్టుకోకు. ఇంకోటి, నువ్వు నేర్చుకున్నాక స్నేహితులు అడుగుతారు. డబ్బు తీసుకుని చేయాలంటే ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ రక్షణ సంస్థ) గుర్తించిన సర్టిఫికెట్ ఉండాలి. అంతకంటే ముఖ్యం, నువ్వు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నావు. కారు బాగుచేసి ఇరవై డాలర్లు తీసుకున్నా అది అనుమతి లేని పనే, వీసాకి ముప్పు. అపార్ట్‌మెంట్ లీజు కూడా ఓసారి చదువు. పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని చాలా చోట్ల రాసి ఉంటుంది.

చిల్లే ఉందని తేలితే షాపుకి వెళ్లు, కానీ ఆ 1,200 షాపుకి కాదు. ముందు లీకు ఎక్కడో రంగు వేసి చూపించమను. దానికి విడిగా ఫీజు తీసుకుంటారు, ఇవ్వడం న్యాయమే. పార్టు మార్చాక లోపలి గాలంతా వాక్యూమ్‌తో లాగి, స్టిక్కర్ మీదున్న బరువు ప్రకారం నింపుతారా అని అడుగు. అవునని ఔన్సుల్లో చెప్పే షాపుని నమ్మొచ్చు.

శనివారం పొద్దున ఎండెక్కకముందే ఫిల్టరూ ఫ్యానూ చూడు. డబ్బా దాకా వస్తే, గేజ్ ఎంత చూపించిందో, ఎన్ని ఔన్సులు పట్టిందో తేదీతో ఓ కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టు. ఆ అంకెలే నాకూ రాయి. అప్పటిదాకా మధ్యాహ్నం మూడింటి ఎండలో ఆ కారేసుకుని దూరాలు పోకు, పక్క సీట్లో ఒక పెద్ద నీళ్ల సీసా ఉంచుకో.