షెడ్డుకూ వ్యాన్లకూ బీమా: ప్రీమియం ఎక్కడ తగ్గించుకోవాలి?

ప్రశ్న: మాది అట్టపెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ. తొమ్మిది మంది పనిచేస్తారు. అద్దె షెడ్డులో రెండు యంత్రాలు, ముడిసరుకు, తయారైన పెట్టెలు ఉంటాయి. సరుకు చేరవేయడానికి రెండు వ్యాన్లు ఉన్నాయి, అందులో ఒకటి నా సొంత పేరు మీద ఉంది. ఒక యంత్రం మీద బ్యాంకు అప్పు ఉంది. షెడ్డుకూ వాహనాలకూ బీమా కోసం మూడు కంపెనీలను అడిగితే మూడు ధరలు చెప్పారు. ఒకరు చెప్పింది మిగతావాటిలో సగమే. షెడ్డు యజమాని తన పేరిట బీమా ఉందంటున్నారు. నాకు వేరే అవసరమా? అప్పు మొత్తానికి బీమా చేస్తే సరిపోదా? అన్నీ ఒకే కంపెనీలో తీసుకోవడం మేలా?

జవాబు: ఆ సగం ధర సంగతి ముందు చూద్దాం, మిగతా ప్రశ్నలన్నిటికీ దారి అక్కడి నుంచే. మూడు కొటేషన్లనూ పక్కపక్కన పెట్టి, ప్రీమియం అంకె మీద చెయ్యి అడ్డం పెట్టి చదవండి. బీమా మొత్తం ఎంత? యంత్రాలకు ఏ లెక్కన విలువ కట్టారు? మీ వ్యాపారాన్ని ఏమని వర్ణించారు? ప్రతి క్లెయిములో మొదట మీరు భరించవలసిన భాగం, అంటే డిడక్టబుల్, ఎంత? ప్రీమియం సగానికి తగ్గిందంటే సాధారణంగా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి మారి ఉంటుంది. డిడక్టబుల్ పెరిగి ఉంటే ఫరవాలేదు. విలువ తగ్గో, వర్ణన మారో ఉంటే ఆ కొటేషన్‌ను పక్కన పెట్టండి. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇంతే, ఎందుకో వివరిస్తాను.

విలువ తక్కువ చూపిస్తే ఏమవుతుందో చాలామంది క్లెయిము రోజు దాకా గ్రహించరు. మీ యంత్రాలు, సరుకు కలిపి అసలు విలువ 100 అనుకోండి. ప్రీమియం కలిసొస్తుందని 60కే బీమా చేశారు. చిన్న మంట లేచి 20 మేర నష్టం జరిగింది. 60 లోపలే ఉంది కాబట్టి 20 పూర్తిగా వస్తుందని మీరు ఆశిస్తారు. రాదు. ఆస్తి పాలసీల్లో సాధారణంగా యావరేజ్ అనే నిబంధన ఉంటుంది. ఆస్తిలో 60 శాతానికే బీమా చేశారు కాబట్టి నష్టంలోనూ 60 శాతమే ఇస్తారు, అంటే 12. మిగతా 40 శాతానికి మీకు మీరే బీమాదారు, అంటే బీమా ఇచ్చేవారు, అన్నది ఆ నిబంధన తర్కం. ఇలా పోగొట్టుకునేది మీరు మిగిల్చుకున్న ప్రీమియంతో పోల్చదగ్గ మొత్తం కాదు. కొన్ని పాలసీలు విలువ కొద్దిగా తక్కువైతే పట్టించుకోబోమని రాస్తాయి, ఆ సడలింపు ఎంత శాతమో అడిగి తెలుసుకోండి. దాని మీద ఆధారపడి విలువ తగ్గించకండి.

మరి అసలు విలువ ఏది? మీ అకౌంటెంటు పుస్తకాల్లో ఉన్నది మాత్రం కాదు. అక్కడ ఏటా తరుగుదల పోగా మిగిలిన అంకె ఉంటుంది. అది పన్నుల లెక్కకు పనికొస్తుంది, కాలిపోయిన యంత్రం స్థానంలో కొత్తది తెచ్చుకోవడానికి పనికిరాదు. పాలసీలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. మార్కెట్ విలువ పద్ధతిలో వయసుకు తగ్గ తరుగుదల తీసేసి ఇస్తారు. ఎనిమిదేళ్ల యంత్రానికి వచ్చే డబ్బుతో ఎనిమిదేళ్ల యంత్రమే వెతుక్కోవాలి. పునఃస్థాపన విలువ పద్ధతిలో అదే సామర్థ్యం గల కొత్త యంత్రం ఖరీదు ఇస్తారు, మీరు నిజంగా కొత్తది పెట్టుకుంటేనే. ఈ పద్ధతి ఎంచుకుంటే బీమా మొత్తం కూడా ఈనాటి కొత్త ధర మీదే ఉండాలి. లేకపోతే పైన చెప్పిన యావరేజ్ ఇక్కడా కాటు వేస్తుంది. మీరు పునఃస్థాపన పద్ధతే తీసుకోవాలని నా అభిప్రాయం. రెండే యంత్రాలున్న కంపెనీకి పాతది వెతుక్కుంటూ తిరిగే వ్యవధి ఉండదు.

ఒక పూట నోటు పుస్తకం పట్టుకుని షెడ్డంతా తిరగండి. యంత్రం ధరకు రవాణా, దిమ్మె, వైరింగు, బిగింపు ఖర్చులు కలపండి. పెట్టెలు కోసే డైలు, ముద్రణ బ్లాకులు విడిగా రాయండి. బీరువాలో మూల పడి ఉండే ఈ వస్తువులను జాబితాలో మర్చిపోతుంటారు, వాటిని మళ్లీ చేయించాలంటే తెలుస్తుంది ఖరీదు. వాటిలో కొన్ని మీ ఖాతాదారులవి కావచ్చు. వారు తెచ్చి ఇచ్చిన డైలు, కాగితం మీ షెడ్డులో కాలిపోతే, ఇతరుల సరుకు మీ సంరక్షణలో ఉందని పాలసీలో ప్రత్యేకంగా రాయిస్తే తప్ప సాధారణంగా పరిహారం దక్కదు. సరుకు విలువ ఏడాది సగటున కాక, కాగితం రీళ్లు పైకప్పు అంటేలా పేర్చిన రోజున ఎంత ఉంటుందో చూసి వేయండి. అమ్మకం ధర కాదు, మీకు పడిన ఖర్చు ధర. ఈ జాబితా, బిల్లులు, ఫోనులో తీసిన వీడియో షెడ్డుకు బయట ఎక్కడైనా భద్రపరచండి. కాలిపోయిన ఆస్తికి రుజువులు అదే బీరువాలో కాలిపోయాయని, నష్టం అంచనా వేయడానికి వచ్చిన సర్వేయరుకు చెప్పవలసి వస్తే క్లెయిము నెలల తరబడి సాగుతుంది.

ఇక అద్దె షెడ్డు. యజమాని బీమా గోడలకూ పైకప్పుకూ. లోపల మీరు పెట్టినది ఏదీ అందులోకి రాదు: యంత్రాలు, సరుకు, మీ ఖర్చుతో వేయించిన అటక, అదనపు వైరింగు, ఆఫీసు గది తడికలు. కాబట్టి మీకు వేరే పాలసీ తప్పనిసరి. అంతకంటే తక్కువమందికి తెలిసిన ప్రమాదం మరొకటి ఉంది. మీ వైపు అజాగ్రత్త వల్ల మంట పుడితే, యజమానికి పరిహారం చెల్లించిన బీమా కంపెనీ ఆయన హక్కులను తాను తీసుకుని ఆ డబ్బు మీ నుంచి వసూలు చేయడానికి రావచ్చు. దీన్ని సబ్రొగేషన్ అంటారు. యజమానికి బీమా ఉండటం మిమ్మల్ని కాపాడదు. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, ఆయన పాలసీలో అద్దెదారు మీద ఈ హక్కు వదులుకుంటున్నట్టు రాయించడం. రెండోది, మీ వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే మీ బాధ్యతా పాలసీలో అద్దె భవనానికి కలిగే నష్టం కూడా చేరేలా చూసుకోవడం. ముందు అద్దె ఒప్పందం తెరిచి మరమ్మతుల బాధ్యత ఎవరిదని రాసుకున్నారో చూడండి. ఒప్పందంలో ఒక మాట, పాలసీలో ఒక మాట ఉంటే నలిగేది మీరే.

మీ ఉత్తరంలో అసలు కనిపించనిది పని ఆగిపోయే నష్టం. చిన్న కంపెనీ మంటల్లో చావదు, తరువాతి నెలల్లో చస్తుంది. యంత్రం డబ్బు వస్తుంది. కానీ కొత్త యంత్రం ఆర్డరు చేసి, అది వచ్చి, బిగించి, మొదటి పెట్టె బయటికి వచ్చే దాకా జీతాలు, అద్దె, వాయిదాలు ఆగవు. ఈలోగా ఖాతాదారులు ఇంకొకరిని చూసుకుంటారు. దీనికే వ్యాపార అంతరాయ బీమా ఉంది. ఆస్తి పాలసీకి అనుబంధంగా తీసుకోవాలి. బీమా మొత్తం నికర లాభం మీద కాకుండా, స్థూల లాభం మీద, అంటే అమ్మకాల్లోంచి ముడిసరుకు లాంటి మారే ఖర్చులు తీసేశాక మిగిలేదాని మీద వేయాలి. జీతాలూ అద్దే అందులోంచే కదా వెళ్లేది. పరిహార వ్యవధి ఎంత ఉండాలో యంత్రం అమ్మినవారికి ఫోను చేసి అడగండి. సరఫరాకు ఐదు నెలలు పడుతుందంటే ఆరు నెలల వ్యవధి చాలదు, పోయిన ఖాతాదారులు తిరిగి రావడానికి కూడా సమయం కావాలి. మీకైతే 12 నెలలకు తగ్గించవద్దంటాను.

ఈ పాలసీ సాధారణంగా మీ ఆవరణలో భౌతిక నష్టం జరిగితేనే పనిచేస్తుందని గుర్తుంచుకోండి. కోవిడ్ కాలంలో దుకాణాలు మూసుకున్నవారు అనేక దేశాల్లో ఈ మాట దగ్గరే చిక్కుకున్నారు. బ్రిటన్‌లో ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 జనవరిలో వచ్చిన తీర్పు చాలామంది పాలసీదారులకు అనుకూలంగా ఉండటానికి కారణం, వారి పాలసీల్లో అంటువ్యాధి గురించీ, ఆవరణలోకి ప్రవేశం ఆగిపోవడం గురించీ అదనపు వాక్యాలు రాసి ఉండటమే. అనుబంధాల జాబితాను కంపెనీని అడిగి తెప్పించుకుని చదవమని చెప్పేది అందుకే.

వర్ణన విషయానికి వస్తే, ప్రపోజల్ ఫారంలో, అంటే బీమా కోసం ఇచ్చే దరఖాస్తులో, మీ పనిని “కాగితం వస్తువుల నిల్వ” అని రాస్తే ప్రీమియం తగ్గవచ్చు. మీరు చేసేది నిల్వ కాదు, తయారీ. ముద్రణకు సిరాలు, థిన్నరు వాడుతుంటే అదీ చెప్పాలి. కత్తిరింపుల తుక్కు రోజూ బయటికి పంపాలనీ, సరుకు నేలకు తగలకుండా కాస్త ఎత్తున ఉంచాలనీ కొన్ని పాలసీల్లో షరతులుంటాయి. మీరు పాటించగలిగితేనే ఒప్పుకోండి. బీమా కోరేవాడు ముఖ్య విషయాలు దాచకూడదన్న నియమానికి పునాది 1766 నాటి ఒక ఇంగ్లండ్ తీర్పులో ఉంది. సుమత్రా దీవిలోని ఫోర్ట్ మార్ల్‌బరో గవర్నరు శత్రువుల దాడికి బీమా చేయించాడు. 1760లో ఫ్రెంచివారు కోటను పట్టుకున్నారు. కోట బలహీనత దాచాడంటూ బీమాదారు డబ్బు ఇవ్వనన్నాడు. తనకు మాత్రమే తెలిసిన ముఖ్య విషయాలను బీమా కోరేవాడు చెప్పి తీరాలని న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ప్రకటించాడు. అయితే బీమాదారుకు తెలిసినవీ, తెలిసి ఉండవలసినవీ విడిగా చెప్పనక్కర్లేదంటూ గవర్నరుకే గెలుపు ఇచ్చాడు. ఆ మొదటి సగాన్ని బీమా కంపెనీలు నేటికీ మర్చిపోలేదు. మీరు రెండో సగం మీద ధీమాతో ఉండకండి, అన్నీ రాతలో చెప్పండి. ఏజెంటు ఫారం నింపుతానంటే నింపనివ్వండి, కానీ చదవకుండా సంతకం పెట్టకండి. కింద ఉండేది మీ సంతకం. ఏజెంటు బీమా కంపెనీ తరఫు మనిషి, బ్రోకరు మీ తరఫు మనిషి అన్న తేడా కూడా మనసులో ఉంచుకోండి.

వ్యాన్లకు వద్దాం. మీ పేరు మీద ఉన్న వ్యాను నాకు షెడ్డు కంటే ఎక్కువ కలవరం కలిగిస్తోంది. అది సొంత వాహనంగా బీమా అయి, రోజూ కంపెనీ సరుకు మోస్తుంటే, ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట అడిగేది దాన్ని దేనికి వాడుతున్నారనే. పాలసీలో “వినియోగం” అనే వాక్యం ఒకటి ఉంటుంది. సొంత పనికా, కంపెనీ సరుకు మోయడానికా, కిరాయికి ఇతరుల సరుకు మోయడానికా అన్నది అందులో తేలుతుంది. దానికి భిన్నంగా వాడితే వ్యాను మరమ్మతు క్లెయిము తిరస్కరించే అవకాశం గట్టిగా ఉంది. బాధితులకు చెల్లించవలసి వచ్చినా ఆ డబ్బు మీ నుంచి రాబట్టవచ్చు. వ్యానును కంపెనీ పేరుకు మార్చండి, లేదా కంపెనీ పనికి వాడుతున్నట్టు పాలసీలో రాయించండి. ఈ వారమే చేయండి, రెన్యువల్ దాకా ఆగకండి. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకరి సరుకు కిరాయికి ఎక్కించుకునే అలవాటు మీ డ్రైవర్లకు ఉందేమో కూడా కనుక్కోండి.

చట్టం కోరేది సాధారణంగా థర్డ్ పార్టీ బీమానే. వ్యాను మీద ఆధారపడ్డ వ్యాపారానికి సొంత నష్టం కూడా చేరిన సమగ్ర పాలసీ కావాలి. అయినా లోపలి పెట్టెలు అందులోకి రావు. వాటికి రవాణా సరుకు బీమా వేరు. మీ పెట్టెలు తేలికైనవి, ఒక ట్రిప్పు విలువ తక్కువ అయితే అది మానేసినా తప్పులేదు. డ్రైవర్లకు గాయమైతే చెల్లించవలసిన పరిహారం ఏ పాలసీలోకి వస్తుందో మాత్రం రాతపూర్వకంగా అడగండి. వారి లైసెన్సుల గడువు తేదీలు మీ క్యాలెండర్‌లో ఉండాలి.

మరి ప్రీమియం ఎక్కడ తగ్గించుకోవాలి? డిడక్టబుల్ పెంచి. పగిలిన అద్దం, గీరుకుపోయిన తలుపు, తడిసిన ఒక రీలు లాంటివి మీ లాభాల్లోంచి భరించగలరు. వ్యానుకు చిన్న క్లెయిము పెడితే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది, లెక్క వేస్తే పెట్టకపోవడమే లాభమని తేలుతుంది. ఒక నెలలో ఇబ్బంది లేకుండా బయటికి తీయగల మొత్తమెంతో చూసుకుని డిడక్టబుల్ అంతవరకు పెంచండి. తగ్గిన ప్రీమియంతో వ్యాపార అంతరాయ బీమా కొనండి.

అప్పు మొత్తానికే బీమా చేయడం బ్యాంకుకు చాలు, మీకు చాలదు. పాలసీలో బ్యాంకు పేరు ఉంటుంది కాబట్టి పరిహారం ముందు వారికే వెళుతుంది. అప్పు తీరిపోతుంది, యంత్రం ఉండదు. పైగా అప్పు తగ్గుతున్నకొద్దీ బీమా మొత్తం కూడా తగ్గిస్తూ పోతే యావరేజ్ మళ్లీ ఎదురవుతుంది.

ఒకే కంపెనీయా అంటే, షెడ్డు, సరుకు, అంతరాయం, ఇతరులకు కలిగే నష్టపు బాధ్యత ఈ నాలుగూ ఒకే చోట ఉంచండి. ఇది ఆ పాలసీలోకి రాదు, దీనిలోకి రాదు అని ఇద్దరు బీమాదారుల మధ్య మీరు తిరగనక్కర్లేదు. వ్యాన్లు వేరే చోట చౌక అయితే నిరభ్యంతరంగా అక్కడే తీసుకోండి. ఇప్పుడు మూడు కంపెనీలకూ ఒకే విలువల జాబితా, ఒకే వర్ణన, ఒకే డిడక్టబుల్ పంపి మళ్లీ కొటేషన్ అడగండి. సగం ధర చెప్పిన కంపెనీ అప్పటికీ చవకగా ఉంటే, మినహాయింపుల పేజీ చదివి దానినే తీసుకోండి.