నీ వ్యాసంలో తుపాకీ ఏదమ్మా?

విజయనగరం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం బుధవారం అందింది. ‘రక్షణ రంగ స్వావలంబన సారథి’ అని పేరు, ఆరు పేజీలు. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను, బడిలో పనిచేసినప్పటి జబ్బు అది, రిటైరైనా పోలేదు. ‘బలోపేతం’ పద్నాలుగు చోట్ల తగిలింది. ‘పటిష్ఠం’ తొమ్మిది చోట్ల. ‘చారిత్రాత్మకం’ ఐదు చోట్ల. (చారిత్రకం అంటే చాలు. అయినా పేపర్లన్నీ అలాగే రాస్తున్నాయి, నిన్నొక్కదాన్నీ అని ఏం లాభం.)

కోప్పడుతున్నానని అనుకోకు. విషయం మంచిది ఎంచుకున్నావు. నాకు కథలు, కవితలు పంపే పిల్లలున్నారు గానీ రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఏం చేశాడని ఆరు పేజీలు రాసింది నువ్వే. తేదీల్లో కూడా తప్పుల్లేవు, సరిచూశాను. అయితే ఒక తమాషా ఉంది. మన ఆయుధాలు మనమే తయారు చేసుకోవాలని చెప్పే వ్యాసంలో నీ సొంత వాక్యం ఒక్కటీ లేదు. అన్నీ ప్రెస్ నోట్ల నుంచి దిగుమతైన సరుకే.

నీ సొంత వాక్యాలు ఎక్కడున్నాయో తెలుసా? కవర్లో వ్యాసంతోపాటు పెట్టిన చీటీలో. ‘అన్నయ్య సెలవు మీద వచ్చాడు మేష్టారూ. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి ట్రంకు పెట్టె ఆటోలో వేసుకొచ్చాడు. తాళం చెవి దారిలో ఎక్కడో పోయింది. నాన్న సుత్తితో కొట్టి తాళం ఊడదీశాడు. లోపల అందరికీ ఉన్ని స్వెట్టర్లు. మన ఊళ్ళో ఎప్పుడు వేసుకుంటామో ఏటో!’ ఇదీ నువ్వు రాసింది. దీన్ని నాలుగుసార్లు చదివాను. పెన్సిల్ ముట్టుకోలేదు.

నా సంగతి ఒకటి చెబుతాను. 1999లో, కార్గిల్ రోజుల్లో, నేనూ ఒక సైనికుడి కథ రాశాను. మంచు కొండ, రాత్రి, ఒంటరిగా కాపలా. అతని చేతిలో తుపాకీ, కళ్ళలో తల్లి రూపం. ఒక వారపత్రికలో వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా మెచ్చుకున్నాను. నెల తిరక్కుండా ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. పంపినవారి అడ్రసు కేరాఫ్ 56 ఏపీఓ, అంటే సైన్యం తపాలా. మన జిల్లా కుర్రాడే. ‘మేష్టారూ, కథ బాగుంది. కానీ మీ సిపాయి తొడుగుల్లేని చేత్తో తుపాకీ పట్టుకున్నాడు. అంత చలిలో చర్మం ఇనుముకి అంటుకుపోతుంది. లాగితే ఊడొస్తుంది. వీలైతే తొడుగులు ఇవ్వండి’ అని రాశాడు.

వీలైతే తొడుగులు ఇవ్వండి! ఇంత మర్యాదగా ఇంత గట్టి దెబ్బ నాకు ఏ విమర్శకుడూ కొట్టలేదు. తల్లి రూపం దాకా వెళ్ళిన వాణ్ణి చేతి తొడుగుల దాకా వెళ్ళలేకపోయాను.

ఆ కుర్రాడు తర్వాత సెలవులో మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు రిటైరై ఒక బ్యాంకులో సెక్యూరిటీగా ఉన్నాడు, మా వీధి పిల్లలకు మిలట్రీ మావయ్య. తుపాకీ గురించి నాకు తెలిసిందంతా అతను చెప్పిందే. ఇన్సాస్ రైఫిల్ మ్యాగజైన్ (నాకు అప్పటిదాకా మ్యాగజైన్ అంటే వారపత్రికే) కాస్త పారదర్శకంగా ఉంటుందట. ఎన్ని తూటాలు మిగిలాయో విప్పకుండానే తెలియడానికి. మా ఆవిడ పోపుల కోసం వాడే ప్లాస్టిక్ డబ్బా తీసి, వేలితో టకటక కొట్టి చూపించాడు. ‘ఇలాంటిదే మేష్టారూ. కింద బాగానే ఉంటాది. పైకెళ్తే చలికి బీటలిస్తాది’ అన్నాడు.

ఇక్కడ ఆగి ఆలోచించు. ఇన్సాస్ విదేశీ తుపాకీ కాదు. మనమే రూపొందించి, మనమే తయారు చేసుకున్నది. కార్గిల్ చలిలో అది మొరాయించిందని, మ్యాగజైన్లు పగిలాయని తర్వాత దేశమంతా చెప్పుకుంది. మరి 2019లో ఏం చేశాం? అమెరికా నుంచి 72,400 సిగ్ కంపెనీ రైఫిళ్ళు కొనడానికి ఒప్పందం రాసుకున్నాం. అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ దగ్గర, కోర్వాలో, రష్యాతో కలిసి ఏకే-203 రైఫిళ్ళు తయారు చేస్తామన్నాం. ఆరు లక్షలకు పైగా రైఫిళ్ళకు ఒప్పందం 2021 డిసెంబరులో గానీ కుదరలేదు. మొదటి 35,000 సైన్యానికి అందేసరికి 2024 జులై వచ్చింది. అంటే కథ ఇదీ: మన తుపాకీ పనికి సరిగ్గా రాలేదు, పరాయి తుపాకీ కొన్నాం, పరాయి డిజైన్‌ని మన ఊళ్ళో చేయించడం మొదలెట్టాం. ఇందులో విజయం ఉంది, సిగ్గు ఉంది, పాతికేళ్ళ ఆలస్యం ఉంది. నువ్వు ‘ఆత్మనిర్భరత’ అని ఒక్క మాటలో దాటేసింది దీన్నేనమ్మా. ఒక్క తుపాకీ వెంట చివరిదాకా నడిస్తే నీ ఆరు పేజీలు చాలవు.

మంత్రి దగ్గరికి వద్దాం. మంత్రిని పొగడొద్దని నేను చెప్పను. పని చేసినవాణ్ణి పొగడకపోతే ఇంకెవర్ని పొగుడుతాం. కాకపోతే విశేషణంతో పొగిడితే అది ఎన్నికల పోస్టర్‌లా ఉంటుంది. జార్జి ఫెర్నాండెజ్ సంగతి చూడు. ఆయన రక్షణ మంత్రిగా ఉండగా సియాచిన్ ఎన్నోసార్లు వెళ్ళాడు. అక్కడి జవాన్లకు కావలసిన మంచు స్కూటర్ల ఫైలు ఢిల్లీలో ముందుకీ వెనక్కీ తిరుగుతోందని తెలిసి, ఆ ఫైలుకి కొర్రీలు వేస్తున్న అధికారుల్ని సియాచిన్ వెళ్ళి కొన్నాళ్ళు ఉండి రమ్మన్నాడని చెప్పుకుంటారు. ‘జవాన్ల సంక్షేమమే ఊపిరిగా’ అని నువ్వు రాసినదానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూశావా. ఇందులో ఊపిరి అన్న మాటే లేదు, చలి మాత్రం తగులుతుంది.

ఇక చైనా యుద్ధం నాటి రక్షణ మంత్రి కృష్ణ మీనన్. ఆయన్ని నువ్వు ఒక్క వాక్యంలో, ‘1962 పరాజయానికి కారకుడు’ అని తేల్చేశావు. ఓటమి ఆయన పద్దులో ఉంది, కాదనలేం, పదవి పోయింది కూడా అందుకే. ఆయుధ కర్మాగారాల్లో కాఫీ కాచే పరికరాలు చేయిస్తున్నాడని అప్పట్లో వెక్కిరించారు. కానీ మన కోరుకొండ సైనిక్ స్కూలు ఎవరి హయాంలో వచ్చింది? సైనిక్ స్కూళ్ళ ఆలోచనే ఆయనది. 1962 జనవరి 18న, మన విజయనగరం రాజావారు పి.వి.జి. రాజు గారు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో అది మొదలైంది. తొమ్మిది నెలలకే యుద్ధం. ఓడిన మంత్రి పెట్టిన బడి నుంచి అరవై ఏళ్ళుగా ఆఫీసర్లు వెళ్తూనే ఉన్నారు. ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు. నువ్వు ఆ గేటు ముందు నుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్ళి ఉంటావు! నీ వ్యాసంలో ఢిల్లీ ఉంది, లక్నో ఉంది, కోరుకొండ లేదు.

మీనన్ కాలంలోనే, 1961లో, మారుత్ అనే యుద్ధ విమానం బెంగళూరులో గాల్లోకి లేచింది. గీసినవాడు జర్మన్ ఇంజినీరు, కట్టింది మనం. ఒంటికి తగ్గ ఇంజిను మాత్రం దానికి చివరిదాకా దొరకలేదు. బ్రిటన్ ఇంజినుతోనే, ఉండాల్సిన వేగం లేకుండానే సర్వీసు ముగించింది. ఇప్పుడు మన తేజస్ యుద్ధ విమానం చూడు. 2021లో 83 విమానాలకు ఒప్పందం, 2024 మార్చికి మొదటిది అందాల్సింది. అమెరికా నుంచి ఇంజిన్లు ఆలస్యమయ్యాయి, విమానాలూ ఆలస్యమయ్యాయి. మన కావేరీ ఇంజిను పని 1989లో మొదలైంది, తేజస్‌కి సరిపోయేంత బలం రాక పక్కకు పోయింది. అప్పుడూ ఇంజినే, ఇప్పుడూ ఇంజినే. ఏ మంత్రి ఏం చేశాడని కొలవాలంటే నాకు తెలిసిన గీటురాయి ఇదొక్కటే: వస్తువు లోపలికి చెయ్యి పెట్టి, గుండెకాయ ఎవరిదో చూడటం.

రాజ్‌నాథ్ సింగ్ 2020 ఆగస్టు 9న 101 వస్తువుల దిగుమతి ఆపేస్తామని ప్రకటించినప్పుడు నేను ఆ జాబితా చదవడానికి కూర్చున్నాను. ఫిరంగులు, రైఫిళ్ళు, సోనార్లు, రాడార్లు, రవాణా విమానాలు. తర్వాత మరో నాలుగు జాబితాలు వచ్చి మొత్తం 509 అయ్యాయి. ఇది చిన్న పని కాదు. నీకు కొనేవాడు ఉన్నాడని గ్యారంటీ ఇస్తేనే కదా చిన్న కంపెనీ అయినా మిషన్ మీద డబ్బు పెడుతుంది. ఆ కిటుకు నీ వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు, అంకె మాత్రం మూడుసార్లు వేశావు. ఎగుమతులు కూడా అంతే. 2013-14లో 686 కోట్లు, 2024-25లో 23,622 కోట్లు అని పెద్ద అక్షరాల్లో వేశావు. నిజమే, గొప్పే. పక్కనే ఇంకో వాక్యం కూడా ఉండాలి, ప్రపంచంలో ఆయుధాలు ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశాల్లో మనం ఇంకా ముందు వరసలోనే ఉన్నామని. ఆ వాక్యం రాస్తే దేశభక్తి తగ్గదు. రాయకపోతే పాఠకుడు వేరేచోట చదివి, నీ మిగతా అంకెల్ని కూడా అనుమానిస్తాడు.

మన బొబ్బిలి యుద్ధం జోలికి నువ్వు వెళ్ళలేదు, సంతోషం. ఈ జిల్లాల్లో కలం పట్టిన ప్రతివాడూ మొదటి పేరాలోనే తాండ్ర పాపారాయుణ్ణి దింపుతాడు. కానీ నీ విషయానికి అది నిజంగా పనికొస్తుంది, వేరే వైపు నుంచి. సాయంత్రం కోట గోడ పక్కన నడుస్తుంటే నాకు పాపారాయుడి కన్నా ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులే గుర్తొస్తాయి. 1757లో మన విజయనగరం విజయరామరాజు బొబ్బిలి కోట మీదికి తీసుకెళ్ళింది ఫ్రెంచి వాళ్ళ ఫిరంగుల్ని. కోట పడింది, మూడోనాటికి ఆయనా పోయాడు. మరుసటి ఏడాది ఆయన వారసుడు ఇంగ్లీషు వాళ్ళ ఫిరంగులతో అదే ఫ్రెంచి వాళ్ళని చందుర్తి దగ్గర ఓడించాడు. 1794లో పద్మనాభం దగ్గర ఆ ఇంగ్లీషు ఫిరంగులే మన చినవిజయరామరాజు మీదికి తిరిగాయి. అరువు ఫిరంగి ఎటు తిరుగుతుందో చెప్పడానికి ముప్ఫై ఏడేళ్ళు పట్టింది. ఇది వాడుకో, నాకు అభ్యంతరం లేదు. మొదటి పేరాలో మాత్రం పెట్టకు.

ఇంకో సంగతి. తెల్లవారుజామున నాలుగున్నరకి మా వైపు రోడ్డు మీద సైన్యంలో చేరాలని కుర్రాళ్ళు పరిగెడుతుంటారు. పదహారు వందల మీటర్లు. ఒకడి షూ అడుగు ఊడిపోతే తాడు కట్టుకుని పరిగెట్టాడు మొన్న. మిలట్రీ మావయ్య సెల్‌ఫోన్లో టైము చూసి కేకలేస్తుంటాడు. అయ్యాక గట్టు మీద కూర్చుని వాళ్ళు మాట్లాడుకునేది జాబితాల గురించి కాదు. అగ్నివీర్ నాలుగేళ్ళయ్యాక నూటికి పాతికమందిని ఉంచుకుంటారు, మిగతా వాళ్ళం ఏటి చెయ్యాలి అని. దేశ భద్రత మీద వ్యాసంలో వీళ్ళకి ఒక పేరా ఇవ్వలేవా? మంత్రిని మెచ్చుకున్న చేత్తోనే ఈ ప్రశ్న కూడా రాయి. రెండూ ఒకే వ్యాసంలో ఇముడుతాయి. ఇమడకపోతే వ్యాసం ఇరుకుదని అర్థం.

ఒక్క హెచ్చరిక. అన్నయ్యని అడిగి రాయి గానీ, అతని యూనిట్ పేరు, ఉన్న చోటు, ఎంతమంది ఉన్నారు, ఎప్పుడు ఎక్కడికి మారతారు, ఇవి ఒక్కటీ కాగితం మీద పెట్టకు. ఫోటో కూడా వద్దు. మీ ఊళ్ళో అందరికీ తెలిసినదే కదా అనుకోకు. నాకు ఉత్తరం రాసిన కుర్రాడు కూడా తొడుగుల గురించి చెప్పాడు గానీ ఏ కొండ మీద ఉన్నాడో ఈనాటికీ చెప్పలేదు.

వ్యాసం తిప్పి పంపుతున్నాను. ఐదో పేజీలో, మూల మీద, ఒక వాక్యం కింద గీత గీశాను. ‘అమ్మకి స్వావలంబన అంటే అర్థం కాలేదు, చెబితే, అంటే మన ఇంటి బియ్యమే మనం తినడమా అంది’ అని రాసి, నువ్వే కొట్టేశావు. కొట్టేసినది ఎందుకు బాగుందో ఆలోచించి, అక్కడి నుంచి మొదలుపెట్టు.

అన్నయ్య సెలవు ఇంకా ఎన్నాళ్ళు? వెళ్ళేలోగా ఆ పెట్టె దగ్గర కూర్చో. మూత మీద తెల్ల రంగుతో ఏం రాసి ఉందో, రంగు ఎక్కడ రాలిందో, వెళ్ళేటప్పుడు అమ్మ లోపల ఏం సర్దుతుందో, ఏది పట్టక బయట పెడుతుందో చూడు. కొత్త తాళం కొన్నారా? కొనకపోతే రైల్లో ఆ పెట్టె మీద కూర్చునే వెళ్ళాలి పాపం, రెండు రాత్రులు.

మీ మేష్టారు