90ల రాక్, పాప్: హిట్ పాట దగ్గరే ఆగిపోకండి

"90ల ఇంగ్లీష్ రాక్, పాప్ వినడం మొదలుపెడదామనుకుంటున్నాను. హిట్ పాటల ప్లేలిస్ట్ ఒకటి పెట్టుకుంటే చాలా, ఆల్బమ్‌లు మొత్తం వినాలా? వీడియోలు కూడా చూడాలా?" అని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదట వీడియో చూడండి. పాట నచ్చిందా, ఆ పాట ఉన్న ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరి దాకా వరస తప్పకుండా వినండి. ప్లేలిస్ట్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆ పదేళ్ళలోనే స్కూలూ కాలేజీ చదివినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. స్టార్ టీవీతో పాటు ఎంటీవీ అనే మ్యూజిక్ ఛానల్ 1991లో మన దేశానికి వచ్చింది. 1994లో దాని స్థానంలో ఛానల్ వి వచ్చింది, 1996లో ఎంటీవీ సొంతంగా తిరిగొచ్చింది. గుంటూరులో మా వీధికి కేబుల్ వచ్చాక స్కూలు నుంచి రాగానే నాకు అదే పని. కానీ టీవీలో పాట మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఒరిజినల్ క్యాసెట్లు ఖరీదు, పైగా మా ఊళ్ళో దొరికేవి తక్కువ. అందుకని రికార్డింగ్ సెంటర్‌కి వెళ్ళి, చీటీ మీద పాటల పేర్లు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించుకునేవాళ్ళం. అంటే ఇప్పుడు మీరు పెట్టుకుందామనుకుంటున్న ప్లేలిస్టే. వరసగా అన్నీ హిట్లే. కొన్నాళ్ళు బాగానే ఉండేది గానీ, ఏ పాటా లోపలికి దిగేది కాదు.

ఆర్.ఈ.ఎం. బ్యాండ్ 'లూజింగ్ మై రెలిజియన్' కూడా నాకు మొదట అలాంటి క్యాసెట్‌లోనే దొరికింది. తర్వాత ఒక ఫ్రెండ్ వాళ్ళ అన్నయ్య హైదరాబాద్ నుంచి 'అవుట్ ఆఫ్ టైమ్' (1991) ఒరిజినల్ తెచ్చాడు. ఆ ఆల్బమ్‌లో సైడ్ ఏ, సైడ్ బి అనేవి లేవు. ఒక వైపు పేరు టైమ్ సైడ్, రెండో వైపు పేరు మెమరీ సైడ్. నాకు తెలిసిన పాట టైమ్ సైడ్‌లో రెండోది. అది అయిపోగానే 'లో' అనే పాట మొదలవుతుంది. హడావిడి లేని బేస్ గిటార్, దాని మీద బ్యాండ్ గాయకుడు మైకేల్ స్టైప్ గొంతు బాగా తగ్గించి, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతాడు. అంతకుముందు పాటలో ఆ గొంతులో ఉన్న ఆత్రం ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది. ఇక మెమరీ సైడ్ చివర్లో 'కంట్రీ ఫీడ్‌బ్యాక్' ఉంది. నా లెక్కలో ఆ ఆల్బమ్‌కి ప్రాణం అదే. సింగిల్‌గా, అంటే విడి పాటగా విడుదల చేసుంటే, అది ఎంత పేరు తెచ్చుకునేదో చెప్పలేం గానీ, హిట్ల జాబితాల్లో వెతికితే మాత్రం దొరకదు.

'లూజింగ్ మై రెలిజియన్' గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆ బ్యాండ్‌లో గిటార్ వాయించే పీటర్ బక్ కొత్తగా మాండలిన్ కొనుక్కుని, టీవీ చూస్తూ వాయించడం నేర్చుకుంటూ టేప్ రికార్డర్‌లో ఎక్కించుకున్నాడు. తర్వాత ఆ టేపు వింటుంటే అందులో ఈ ట్యూన్ కనబడింది. మాండలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు గుర్తొస్తారు. ఇది ఆ విద్వత్తు కాదు, అప్పుడే నేర్చుకుంటున్న చెయ్యి పట్టుకున్న నాలుగు స్వరాలు. పాటకి మామూలు అర్థంలో పల్లవి కూడా లేదు. అయినా అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వేసే హిట్ పాటల పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. దాని వెనక వీడియో బలం చాలా ఉంది.

ఆ వీడియో తీసింది జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. మొదట్లోనే కిటికీ దగ్గర నుంచి పాలకూజా జారి కింద పడి పగులుతుంది, చూడండి. అది రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీకి నమస్కారం. వెలుగునీడలు ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో పెయింటింగుల నుంచి వచ్చాయి. రెక్కల ముసలాయన కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ కథలోంచి వచ్చాడు. మధ్యలో మన ఇళ్ళల్లో గోడకి వేలాడే దేవుడి క్యాలెండర్లలాంటి దృశ్యాలూ ఉన్నాయి. టీవీలో అవి కనబడగానే ఇంట్లో అందరినీ కేకేసి పిలిచాను. ఆ సంవత్సరం ఎంటీవీ వాళ్ళు ఉత్తమ వీడియో అవార్డు దీనికే ఇచ్చారు. అప్పటిదాకా వీడియోల్లో పెదాలు కదిలించడానికే ఇష్టపడని స్టైప్, ఇందులో చేతులూ కాళ్ళూ ఎటు పోతున్నాయో పట్టించుకోకుండా డాన్స్ చేస్తాడు. పాట మాత్రమే విని, ఈ మనిషిని చూడకపోతే సగమే విన్నట్టు.

చార్టుల జాబితాలు చూసి ఎంచుకోవాలనుకుంటే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. 90ల మధ్య నుంచి అమెరికాలో మ్యూజిక్ కంపెనీలు చాలా హిట్ పాటల్ని సింగిల్‌గా షాపుల్లో పెట్టడం మానేశాయి. పాట కావాలంటే మొత్తం ఆల్బమ్ కొనాల్సిందే, అదీ వాళ్ళ లెక్క. అప్పటి బిల్‌బోర్డ్ రూలు ప్రకారం షాపులో సింగిల్ లేకపోతే హాట్ 100 అనే వాళ్ళ పాటల పట్టికలోకి ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. నో డౌట్ బ్యాండ్ వాళ్ళ 'డోంట్ స్పీక్' రేడియోలో 16 వారాలు నంబర్ వన్‌గా మోగింది, హాట్ 100లో మాత్రం దాని పేరే లేదు. 1998 డిసెంబర్‌లో రూలు మార్చారు, అప్పటికి ఆ పాట జోరు అయిపోయింది. అందుకే ఆ కాలం చార్టులు మాత్రమే నమ్ముకుంటే, అందరి నోళ్ళలో నానిన పాటలే మీకు దొరక్కుండా పోతాయి.

ఇక క్రాన్‌బెర్రీస్ బ్యాండ్ పాట 'జాంబీ'. ఎవరి ప్లేలిస్ట్‌లో చూసినా ఉంటుంది, అరుపుల పాట అని చాలామంది అనుకుంటారు. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో ఐఆర్ఏ అనే ఐరిష్ సాయుధ సంస్థ చెత్తడబ్బాల్లో పెట్టిన బాంబులు పేలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఒకరికి మూడేళ్ళు, ఇంకొకరికి పన్నెండు. ఐర్లండ్‌లోని లిమెరిక్‌కి చెందిన ఆ బ్యాండ్ గాయని డొలొరెస్ ఓ'రియోర్డన్ ఆ కోపంతో, ఆ దుఃఖంతో రాసిన పాట ఇది. వీడియో దర్శకుడు శామ్యూల్ బేయర్ బెల్‌ఫాస్ట్ వెళ్ళి, అక్కడి వీధుల్లో నిజంగా గస్తీ తిరుగుతున్న సైనికుల్ని, గోడల దగ్గర ఆడుకుంటున్న పిల్లల్ని కెమెరాతో తీసి చూపించాడు. నిర్వాణా బ్యాండ్ 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' వీడియో తీసిందీ ఆయనే.

'జాంబీ' ఉన్న ఆల్బమ్ 'నో నీడ్ టు ఆర్గ్యూ' (1994) పెట్టి చూడండి. మొదటి పాట 'ఓడ్ టు మై ఫ్యామిలీ', అమ్మానాన్నల గురించి ఎంతో మెత్తగా పాడిన పాట. నాలుగోది 'జాంబీ'. దానికి ముందు 'ట్వెంటీ వన్', తర్వాత 'ఎంప్టీ', రెండూ నెమ్మదిగా సాగేవే. వాటి మధ్య ఆ గిటార్ ఒక్కసారి విరుచుకుపడితే గుండె ఝల్లుమంటుంది. ప్లేలిస్ట్‌లో ముందూ వెనకా అన్నీ గట్టి పాటలే అయితే ఆ దెబ్బ తెలియదు. 2018 జనవరిలో డొలొరెస్ చనిపోయారని వార్త చూసినప్పుడు నేను పెట్టుకున్నది 'జాంబీ' కాదు, ఈ ఆల్బమ్ చివరి పాట. వెనక ఆర్గన్, ఆమె గొంతు, అంతే.

వరస ఎంత ముఖ్యమో అన్నిటికంటే బాగా తెలిసేది రేడియోహెడ్ బ్యాండ్ 'ఓకే కంప్యూటర్' (1997)లో. 'నో సర్‌ప్రైజెస్' అందులో పదో పాట. చిన్నచిన్న గంటల్లా మోగే గ్లాకెన్‌స్పీల్ అనే వాయిద్యంతో జోలపాటలా వెళ్తుంది. విడిగా వింటే హాయిగా ఉంది అనిపిస్తుంది. కానీ దానికి ముందు తొమ్మిదో పాట 'క్లైంబింగ్ అప్ ది వాల్స్'. వయొలిన్లన్నీ అపశ్రుతిలో రొద పెడుతుంటే, చివర్లో గాయకుడు టామ్ యార్క్ అరుపుతో ముగుస్తుంది. ఆ అరుపు చెవుల్లో ఉండగానే ఈ గంటలు మొదలవుతాయి. అప్పుడు అర్థమవుతుంది, అది హాయి కాదు, అలిసిపోయిన మనిషి ఇక చాలు అనడం.

దాని వీడియో గ్రాంట్ జీ తీశాడు. మొత్తం ఒకే షాట్. యార్క్ తల చుట్టూ గాజు హెల్మెట్, దాని మీద పాట మాటలు ప్రతిబింబంలా కదులుతుంటాయి. మెల్లగా నీళ్ళు నిండుతాయి. గడ్డం దాకా, పెదాల దాకా, ఆఖరికి తల మొత్తం మునిగిపోతుంది. పాట సాగుతూనే ఉంటుంది, మనిషి మాత్రం కదలడు. చూస్తున్న మనకే ఊపిరాడదు. తర్వాత నీళ్ళు జారిపోయి, గుక్క తిప్పుకుని మళ్ళీ పాడతాడు. ఆ నీళ్ళ భాగం తీసేటప్పుడు సెట్లో పాటని వేగంగా వేశారు, కెమెరాని కూడా ఎక్కువ వేగంతో నడిపారు. తర్వాత మామూలు వేగానికి దించితే, ఆయన నిజంగా ఊపిరి బిగబట్టిన దానికంటే ఎక్కువసేపు నీళ్ళలో ఉన్నట్టు కనబడుతుంది. అయినా షూటింగ్‌లో నరకం చూశాడు. గ్రాంట్ జీయే తీసిన 'మీటింగ్ పీపుల్ ఈజ్ ఈజీ' డాక్యుమెంటరీలో ఆ టేకులు ఉన్నాయి. ఊపిరి అందక, విసుగొచ్చి హెల్మెట్‌లోంచి బయటపడే యార్క్‌ని చూశాక వీడియో మళ్ళీ చూడండి.

కంప్యూటర్ గ్రాఫిక్స్ అప్పుడప్పుడే మొదలైన రోజులవి, చాలా వీడియోలు ఇలా చేతి పనితనం మీదే నడిచాయి. జమీరోక్వాయ్ బ్యాండ్ 'వర్చువల్ ఇన్‌సానిటీ' (1996)లో నేల జారుతున్నట్టు, సోఫాలు వాటంతట అవే నడుస్తున్నట్టు ఉంటుంది. కానీ నేల కదల్లేదు. దర్శకుడు జోనథన్ గ్లేజర్ గోడలకి చక్రాలు పెట్టి వాటిని కదిలించాడు, కెమెరా గోడకి బిగించి ఉంది. హాస్టల్లో మేం దీని గురించి రాత్రంతా వాదించుకున్నాం. మైకేల్ జాక్సన్ 'బ్లాక్ ఆర్ వైట్' (1991) చివర్లో ఒక ముఖం ఇంకో ముఖంగా మారిపోయే మార్ఫింగ్ మాత్రం కంప్యూటర్ చలవే, అప్పట్లో జనం నోరెళ్ళబెట్టి చూశారు. అందులోనే రోడ్డు మీద కార్ల మధ్య ఒడిస్సీ నర్తకితో ఆయన ఆడతాడు కూడా.

ది వెర్వ్ బ్యాండ్ 'బిట్టర్ స్వీట్ సింఫనీ' (1997) వీడియోలో దాని గాయకుడు రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్ లండన్ హాక్స్‌టన్ వీధిలో ఎదురొచ్చినవాళ్ళని గుద్దుకుంటూ తిన్నగా నడుస్తాడు, అంతే. దీనికి ప్రేరణ మాసివ్ అటాక్ 'అన్‌ఫినిష్డ్ సింపతీ' (1991) వీడియో. అందులో షారా నెల్సన్ లాస్ ఏంజలస్‌లో ఒకే టేకులో నడుచుకుంటూ వెళ్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వెర్వ్ పాటకి ఒక బాధాకరమైన చరిత్ర ఉంది. ఆ వయొలిన్ల ముక్కని రోలింగ్ స్టోన్స్ పాట ఒకదానికి ఆండ్రూ ఓల్డమ్ ఆర్కెస్ట్రా చేసిన వెర్షన్ నుంచి తీసుకున్నందుకు, మాటలు రాసిన ఆష్‌క్రాఫ్ట్‌కి పాట మీద హక్కు లేకుండా పోయింది. క్రెడిట్ రోలింగ్ స్టోన్స్ వాళ్ళు మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ పేర్లకి వెళ్ళింది. 2019లో వాళ్ళిద్దరూ తమ వాటా తిరిగి ఇచ్చేశారు. 22 ఏళ్ళు! ఇప్పటికీ తలుచుకుంటే నాకు మనసు ఉడుకుతుంది. ఆ 'అర్బన్ హిమ్స్' ఆల్బమ్‌లో మొదటి నాలుగు పాటలు ఆపకుండా వినండి, నాలుగోది 'ది డ్రగ్స్ డోంట్ వర్క్'.

అలాగని ప్రతి ఆల్బమ్‌కీ ఇంత ఓపిక అక్కర్లేదు. సీడీలో 74 నిమిషాలు పడతాయి కదా అని చాలామంది నాసిరకం పాటలతో నింపేశారు. 'రిథమ్ ఈజ్ ఎ డాన్సర్', 'వాట్ ఈజ్ లవ్' లాంటి యూరోప్ డాన్స్ పాటలకి ఆ పాట ఒక్కటి చాలు. వాటిని చిన్నచూపు చూడటం లేదు, అవి డాన్స్ కోసమే పుట్టాయి, ఇప్పటికీ మోగితే కాలు ఆగదు. నా అనుభవంలో గిటార్ బ్యాండ్లకి, సొంతంగా పాటలు రాసుకుని పాడేవాళ్ళకి మాత్రం ఆల్బమ్ తప్పనిసరి. ఆలనిస్ మోరిసెట్ 'జాగ్డ్ లిటిల్ పిల్' (1995) కూడా అందులోకే వస్తుంది.

నిర్వాణా 'నెవర్‌మైండ్' (1991) గురించి అందరూ చెబుతారు కాబట్టి ఒక్కటే చెబుతాను. మొదటి పాట అందరికీ తెలుసు, మీరు 'సమ్‌థింగ్ ఇన్ ది వే' దాకా ఆగండి. బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ స్టూడియో కంట్రోల్ రూమ్‌లో సోఫా మీద పడుకుని, వినబడీ వినబడనట్టు పాడాడు. ప్రొడ్యూసర్ బుచ్ విగ్ గదిలో చప్పుళ్ళన్నీ ఆపించి, అక్కడికక్కడే రికార్డ్ చేశాడు.

వినేటప్పుడు షఫుల్ ఆపేయండి, తప్పనిసరిగా. లిరిక్స్ దగ్గర పెట్టుకోండి. మాకు క్యాసెట్ లోపలి మడత కాగితం మీద చీమల్లాంటి అక్షరాల్లో ఉండేవి, మీకు ఫోన్‌లోనే దొరుకుతాయి. యాస అర్థం కాక వదిలేసిన పాటలు మాటలు చదివాక నాకు చాలా దగ్గరయ్యాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తేలకపోతే 'నో నీడ్ టు ఆర్గ్యూ'తో మొదలుపెట్టండి, తర్వాత 'అవుట్ ఆఫ్ టైమ్'. 'ఓకే కంప్యూటర్' మూడోది, రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో. ఈ మూడూ అయ్యాక కార్నర్‌షాప్ బ్యాండ్ 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' వినండి. మన ఆశా భోంస్లే గారి మీద ప్రేమతో ఇంగ్లండ్‌లో కట్టిన పాట. 1998 ఫిబ్రవరిలో అక్కడ నంబర్ వన్ అయింది నార్మన్ కుక్ చేసిన హుషారైన రీమిక్స్. ఆల్బమ్‌లో ఉన్న అసలు వెర్షన్ కాస్త నిదానంగా ఉంటుంది, ముందు అది వినండి.